పాత అమెరికా వెండి డాలర్లలో అరుదైన డై రకాలు గుర్తుపట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మోర్గాన్ డాలరో పీస్ డాలరో చేతిలో పడగానే అందరూ అడిగేది ధర గురించే. సాధారణంగా ఆ ధర సంవత్సరాన్ని బట్టి, టంకశాలను బట్టి, నాణెం ఎంత అరిగిందన్నదాన్ని బట్టి తేలిపోతుంది. కానీ ఒకే సంవత్సరం, ఒకే టంకశాల, ఒకే అరుగుదల ఉన్న రెండు నాణేల్లో ఒకటి వెండి ధరకి పోయి, రెండోదాని కోసం సేకర్తలు పోటీ పడటం కూడా జరుగుతుంది. తేడా అంతా ఆ నాణేన్ని కొట్టిన డైలో, అంటే నాణెం మీద బొమ్మ దించే ఉక్కు అచ్చులో, ఉంటుంది. నాకు తరచూ వచ్చే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక మాట: పేరు మోసిన గుర్తు ఒక్కటి కనిపించగానే నిర్ణయానికి రావద్దు. అదే డైకి చెందిన రెండో గుర్తు, వీలైతే మూడోది కూడా కలవాలి. కింద రాసిందంతా ఈ పద్ధతి మీదే నడుస్తుంది.

ఇక్కడ ఏ నాణేల గురించి మాట్లాడుతున్నాం?

రెండు వరసలు. మొదటిది జార్జ్ మోర్గాన్ చెక్కిన డాలరు. ఇది 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో వచ్చింది. రెండోది ఆంథొనీ డి ఫ్రాన్సిస్కీ రూపొందించిన పీస్ డాలరు. ఇది 1921 నుంచి 1928 దాకా, తర్వాత 1934, 1935లలో వచ్చింది. రెండింటి బరువూ 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, వెండి 90 శాతం, మిగతా 10 శాతం రాగి.

మోర్గాన్ మీద టంకశాల గుర్తు బొరుసు వైపు, దండ ముడి కిందా ‘డాలర్’ అన్న మాట మొదటి రెండక్షరాల పైనా ఉంటుంది. ఓ అంటే న్యూ ఆర్లియన్స్, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, సీసీ అంటే కార్సన్ సిటీ. డీ అంటే డెన్వర్, అది 1921లో మాత్రమే కనిపిస్తుంది. ఏ గుర్తూ లేకపోతే ఫిలడెల్ఫియా. పీస్ డాలరు మీద ఈ గుర్తు బొరుసు వైపే, ‘వన్’ అన్న మాట కింద ఉంటుంది.

అన్నీ ఒకే నమూనా అయినప్పుడు రకాలు ఎలా పుట్టాయి?

నమూనా ఒకటే, డైలు వేలు. హబ్ అనే ఉక్కు ముద్రను మెత్తబరిచిన ఉక్కు దిమ్మలోకి నొక్కి ఒక్కో డైని తయారుచేసేవాళ్ళు. ఒక్క నొక్కుకి బొమ్మ పూర్తిగా దిగదు కాబట్టి రెండోసారీ మూడోసారీ నొక్కాల్సి వచ్చేది. రెండోసారి వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆ డై మీద గీతలు జంటగా పడతాయి. ఆ డై కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జంట కనిపిస్తుంది. దీన్నే డబుల్ డై అంటారు.

మోర్గాన్ కాలంలో సంవత్సరాన్ని, టంకశాల గుర్తును డై మీద విడిగా చేత్తో కొట్టేవాళ్ళు. అందుకే ఒక డై మీద అంకెలు అంచుకి దగ్గరగా, ఇంకోదాని మీద దూరంగా ఉంటాయి. టంకశాల గుర్తు ఒకచోట నిటారుగా, ఒకచోట వాలి, మరోచోట రెండుసార్లు పడి ఉంటుంది. ఆ తర్వాత డై పగలడం, పైడై కిందడై గుద్దుకోవడం, అరిగినదాన్ని సానబెట్టి మళ్ళీ వాడటం వల్ల పుట్టే రకాలు వేరే.

వామ్ నంబరు అంటే?

లెరాయ్ వాన్ ఆలెన్, జార్జ్ మాలిస్ అనే ఇద్దరు సేకర్తలు ఈ డైల జతలకు వరసపెట్టి నంబర్లిచ్చారు. వామ్ అన్నది వాళ్ళ పేర్ల మొదటి అక్షరాలు. ప్రతి సంవత్సరం–టంకశాల జంటకీ వరస మళ్ళీ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి ఊరికే ‘వామ్ 4’ అంటే ఏమీ తెలియదు, ‘1888-ఓ వామ్ 4’ అనాలి. నంబరు పక్కన అక్షరం ఉంటే, ఉదాహరణకి 1ఏ, అది అదే డైల జత తర్వాతి దశ అన్నమాట. పగులో, గుద్దుడు మచ్చో, గాటో కొత్తగా చేరి ఉంటుంది.

ఏ పరికరాలు కావాలి?

పది రెట్లు పెద్దగా చూపించే మంచి లూప్ ఒకటి, మెడ వంగే టేబుల్ లైటు ఒకటి చాలు. కంసాలి కంటికి పెట్టుకునే అద్దం ఉంటే దానితోనూ మొదలుపెట్టవచ్చు. గది ట్యూబులైటు పనికిరాదు. వెలుతురు అన్ని వైపుల నుంచీ పడితే నీడలు మాయమవుతాయి, మనం చూడాల్సింది నీడల్నే. లైటు ఒక పక్క నుంచి ఏటవాలుగా పెట్టి, నాణేన్ని అంచు పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. కింద మెత్తటి గుడ్డ పరవండి. మైక్రోస్కోపు తర్వాత కొనుక్కోవచ్చు. మొదట్లోనే కొన్నవాళ్ళు నలభై రెట్ల మీద ప్రతి చిన్న గీతనీ రకం అనుకుని తికమకపడటం చూశాను.

నాణెం మీద గీత కనిపించింది. డైదా, తర్వాత పడ్డ దెబ్బా?

ఉబ్బెత్తుగా ఉందా, లోపలికి ఉందా అన్నది చూడండి. డై మీద గాటో పగులో పడితే కొట్టినప్పుడు వెండి అందులోకి పోతుంది కాబట్టి నాణెం మీద ఆ గీత పైకి లేచి ఉంటుంది. జేబులో, సంచిలో రాసుకుని పడ్డ గీత లోపలికి దిగి ఉంటుంది.

కంటికి ఇది ఒక్కోసారి తారుమారుగా కనిపిస్తుంది, ముఖ్యంగా ఫోటోల్లో. అందుకని ముందు లైటు ఏ వైపున్నదో గుర్తుపెట్టుకుని, ఉబ్బెత్తు అని కచ్చితంగా తెలిసిన భాగాన్ని, చెక్కిలినో ఒక నక్షత్రాన్నో, చూడండి. దాని నీడ ఏ వైపు పడుతోందో గీత నీడ కూడా ఆ వైపే పడితే గీత కూడా ఉబ్బెత్తే.

డబుల్ డై అని ఎలా తేల్చుకోవాలి? నా నాణెం మీద అక్షరాలన్నీ జంటగా కనిపిస్తున్నాయి.

నూటికి తొంభై సందర్భాల్లో అది డబుల్ డై కాదని చెప్పాల్సి వస్తోంది. ప్రెస్సు దెబ్బ కొట్టాక డై కొద్దిగా కదిలి అప్పుడే అచ్చయిన అక్షరాన్ని ఒరుసుకుపోతుంది. దాన్ని మెషీన్ డబ్లింగ్ అంటారు, అదనపు విలువేమీ ఉండదు.

తేడా ఇలా పట్టుకోండి. మెషీన్ డబ్లింగ్‌లో అక్షరం పక్కన చదునైన మెట్టు ఏర్పడి మెరుస్తూ ఉంటుంది. అసలు అక్షరంలోని లోహమే పక్కకి నెట్టుకుపోయింది కాబట్టి అక్షరం సన్నబడుతుంది. నిజమైన డబుల్ డైలో రెండో గీతకీ మొదటిదానిలాగే గుండ్రటి ఒంపు ఉంటుంది, అక్షరం లావెక్కుతుంది, కొసల దగ్గర చీలిక కనిపిస్తుంది. ఆ చీలిక లూప్‌లో కనిపించకపోతే నేను ముందుకు వెళ్ళను.

1878 నాణేల్లో అన్ని రకాలు ఎందుకున్నాయి?

తొందర వల్ల. అధ్యక్షుడు హేస్ వీటో చేసినా కాంగ్రెస్ 1878 ఫిబ్రవరి 28న బ్లాండ్–ఆలిసన్ చట్టం చేసింది. దాని ప్రకారం ప్రభుత్వం నెలకి 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల వెండి కొని నాణేలు కొట్టాలి. మార్చి 11న ఫిలడెల్ఫియాలో పని మొదలైంది. మొదటి డైల మీద గద్దకి ఎనిమిది తోక ఈకలున్నాయి. అంతకుముందు అమెరికా నాణేల మీది గద్దలకు ఈకలు బేసి సంఖ్యలోనే ఉండేవి. ఏడుకి మార్చమన్నారు. తయారై ఉన్న కొన్ని ఎనిమిదీకల డైలను పారేయకుండా వాటి మీదే ఏడీకల హబ్‌ను నొక్కారు.

అందుకే 1878 ఫిలడెల్ఫియా నాణెం దొరికితే ముందు బొరుసు తిప్పి తోక చూడండి. ఎనిమిది ఈకలుంటే అది తొలి రకం. ఏడు ఉంటే ఈకల కొసల కింద చూడాలి. చిన్నచిన్న మొనలు, కిందున్న ఇంకో తోకవి, బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తే అది ఎనిమిది మీద ఏడు రకం. మొనలు ఎన్ని, ఎంత స్పష్టం అన్నదాన్ని బట్టి వామ్ నంబరు మారుతుంది. వీటిలో వామ్ 44ను సేకర్తలు వామ్‌ల రాజు అంటారు. దానికి తోక ఒక్కటే చూస్తే సరిపోదు. బొమ్మ వైపు ఉన్న లిబర్టీ (స్వేచ్ఛకి ప్రతీకైన స్త్రీ) తల మీదున్న పత్తి పూలు మూడేసిగా పడి ఉండాలి. ఆ రెండూ కలిస్తేనే వామ్ 44.

మొనలు లేని మామూలు ఏడీకల నాణెమైతే గద్ద పట్టుకున్న బాణాల్లో పైదాని ఈకను చూడండి. ఆ ఈక బాణం కాడకి సమాంతరంగా ఉంటే 1878 బొరుసు, ఏటవాలుగా ఉంటే 1879 బొరుసు. పాత బొరుసు 1879-ఎస్, 1880-సీసీ నాణేల్లో కొన్నిటి మీద కూడా కనిపిస్తుంది. అవి వెతకదగ్గవి.

ఒక గుర్తు మీద ఇంకో గుర్తు పడ్డ నాణేలు ఏవి?

ముఖ్యమైనవి నాలుగైదున్నాయి. 1880-సీసీలో రెండో 8 లోపల పాత 7 ఆనవాళ్ళుంటాయి. 7 పైకి ఉన్న రకం వామ్ 5, కిందికి ఉన్నది వామ్ 6. 1882-ఓలో ఓ అక్షరం కడుపులో ఎస్ శేషం కనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కోసం సిద్ధమైన డైల మీద ఓ కొట్టి న్యూ ఆర్లియన్స్‌కి వాడారన్నమాట. ఇవి మూడు డైలు: వామ్ 3, 4, 5. 1887లో 6 మీద 7 పడ్డవి ఫిలడెల్ఫియాలోనూ న్యూ ఆర్లియన్స్‌లోనూ ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సీసీ మీద ఓ పడ్డ 1900-ఓ. కార్సన్ సిటీలో నాణేలు కొట్టడం 1893లో ఆగిపోయింది. మిగిలిన సీసీ బొరుసు డైల మీద ఓ కొట్టి న్యూ ఆర్లియన్స్‌లో వాడేశారు. ఓ అక్షరానికి రెండు పక్కలా చిన్న వంపు ముక్కలు కనిపిస్తే అవి ఆ మూతపడ్డ టంకశాల ఆనవాళ్ళే. ధర కూడా మరీ అందనంత ఉండదు కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మొదటి రకంగా దీన్నే సూచిస్తాను.

‘హాట్ లిప్స్’, ‘స్కార్‌ఫేస్’ అంటుంటారు, అవేమిటి?

రెండూ 1888-ఓ నాణేలే. హాట్ లిప్స్ వామ్ 4. లిబర్టీ పెదవులు, ముక్కు, గడ్డం జంటగా పడ్డ డబుల్ డై. లూప్ లేకుండానే కనిపిస్తుంది. దాదాపు అన్నీ అరిగిన స్థితిలోనే దొరుకుతాయి కాబట్టి తళతళలాడే హాట్ లిప్స్ అని ఎవరైనా అమ్మజూపితే ముందు అనుమానించండి. స్కార్‌ఫేస్ వామ్ 1బీ. అంచు నుంచి బయల్దేరి ముఖం మీదుగా సాగే డై పగులు అది. 1901 ఫిలడెల్ఫియా వామ్ 3ను ‘షిఫ్టెడ్ ఈగల్’ అంటారు. అందులో గద్ద తోక ఈకలు జంటగా పడ్డాయి.

చిన్న ఓ ఉన్న న్యూ ఆర్లియన్స్ నాణేలు నిజమైనవేనా?

సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. 1880-ఓ, 1899-ఓ నాణేల్లో చిన్న ఓ అసలైనదే. 1896, 1900, 1902 సంవత్సరాలవి మాత్రం ఆ కాలంలోనే చేసిన నకిలీలు.

ఇవి దశాబ్దాల పాటు అసలువిగానే కేటలాగుల్లో ఉన్నాయి, వామ్ నంబర్లు కూడా వచ్చాయి, మంచి ధరలకు అమ్ముడుపోయాయి. పట్టించింది డైల పరిశీలనే. 1896, 1900, 1902 అని మూడు వేర్వేరు సంవత్సరాలున్న నాణేల బొరుసు వైపు ఒకే డైతో కొట్టినవని మచ్చమచ్చా సరిచూసి తేల్చారు. ఆరేళ్ళ ఎడంలో న్యూ ఆర్లియన్స్ టంకశాల ఒకే బొరుసు డైని, అదే దశలో వాడి ఉండటం కుదిరే పని కాదు. పైగా ఈ మూడూ చెలామణీ అయిన స్థితిలోనే దొరికాయి, కొత్తవి లేవు. 2005లో నాణేల అసలుదనాన్ని, స్థితిని తేల్చే గ్రేడింగు సంస్థ పీసీజీఎస్ వీటిని నకిలీలుగా ప్రకటించింది.

వెండి మాత్రం అసలుదే, బరువూ దాదాపు సరిపోతుంది. అంత మంచి వెండితో దొంగనాణెం కొడితే ఏం మిగులుతుంది అని అడుగుతారు. 1902 ప్రాంతంలో వెండి ధర పడిపోయి, ఒక డాలరు నాణెంలోని వెండి విలువ అర డాలరు కూడా లేదు. అసలు వెండితో కొట్టినా సగానికి పైగా లాభమే. అందుకే ఈ నకిలీల విషయంలో బరువు పరీక్షా లోహ పరీక్షా మనకి ఏమీ చెప్పవు.

గద్ద తోక కింద అక్షరంలాంటిది కనిపిస్తోంది.

మధ్యలో బిళ్ళ పడకుండా రెండు డైలు ఒకదాన్నొకటి గుద్దుకుంటే ఒకదాని గుర్తులు రెండోదాని మీద దిగుతాయి. మోర్గాన్‌లో లిబర్టీ అన్న మాట నాణెం మీద లోపలికి ఉంటుంది, అంటే డై మీద పైకి ఉంటుంది. అందుకని గుద్దుకున్నప్పుడు అదే గట్టిగా దిగుతుంది. 1886-ఓ, 1889-ఓ, 1891-ఓ వామ్ 1ఏల మీద లిబర్టీలోని ‘ఇ’ అక్షరం గద్ద తోక కింద తిరగబడి, అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. సన్నటి గుద్దుడు గీతలు మాత్రం చాలా నాణేల మీద ఉంటాయి. వాటికి విలువ లేదు, అక్షరం స్పష్టంగా చదవగలిగితేనే ఉంది.

అంచు గీతలు కూడా చూడాలా?

1921 మోర్గాన్‌కి తప్పకుండా చూడాలి. మామూలుగా 189 గీతలుండే చోట కొన్ని ఫిలడెల్ఫియా నాణేలకి 157 మాత్రమే ఉన్నాయి. లెక్కపెట్టనక్కర్లేదు. ఇంకో 1921 నాణేన్ని పక్కన ఆనించి అంచులు పోల్చితే గీతల మధ్య ఎడం తేడా వెంటనే తెలుస్తుంది.

పీస్ డాలర్లలో ఏం వెతకాలి?

1921 నాణెం బొమ్మ బాగా ఎత్తుగా ఉంటుంది, అది కొట్టడం కష్టమని 1922 నుంచి తగ్గించారు. 1922, 1923 నాణేల్లో డై విరిగి ముఖం మీద ముద్దలు ఏర్పడ్డ రకాలున్నాయి. ‘మీసం’, ‘దవడ మీద గడ్డం’ లాంటి పేర్లతో పిలుస్తారు. 1935-ఎస్‌లో ‘వన్’ కింద కిరణాలు మూడా నాలుగా అని చూడండి. అంతకు మించి పీస్ వరసలో మోర్గాన్‌లో ఉన్నంత వైవిధ్యం లేదు.

అరుదైనదైతే ధర పలుకుతుందా?

పలకాలని లేదు. వామ్ పద్ధతిలో అరుదుకి ఆర్-1 నుంచి ఆర్-8 దాకా, ఆసక్తికి ఐ-1 నుంచి ఐ-5 దాకా రెండు కొలతలున్నాయి. ధరను నడిపేది రెండోది. టంకశాల గుర్తు కొద్దిగా వాలిన డై ప్రపంచంలో పదే నాణేలు కొట్టి ఉండొచ్చు, కానీ దాని కోసం వెతికేవాళ్ళు ఇద్దరే ఉంటే ధర ఎక్కడి నుంచి వస్తుంది? సేకర్తలు పేరు పెట్టి పిలిచే రకాలకే గిరాకీ. జెఫ్ ఆక్స్‌మన్, మైకేల్ ఫే కలిసి 1996లో ప్రకటించిన వంద రకాల జాబితాలో చేరిన వాటికి గిరాకీ బాగా పెరిగింది.

ఈ డాలర్లకీ మన దేశానికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ పెద్దదే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇక్కడ జనం కాగితం నోట్లిచ్చి వెండి రూపాయలు తీసుకోవడం పెరిగి ప్రభుత్వ నిల్వలు అడుగంటాయి. బ్రిటన్ అమెరికాను వెండి అడిగింది. 1918 ఏప్రిల్ 23న వచ్చిన పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించారు. అందులో అత్యధిక భాగం ఇండియాకే వచ్చి, బొంబాయి, కలకత్తా టంకశాలల్లో ఐదో జార్జి రూపాయిలైంది. మన ఇళ్ళల్లో పాత ట్రంకు పెట్టెల్లో ఉన్న 1918, 1919 రూపాయి బిళ్ళల్లో ఆ వెండి ఉండే ఉంటుంది.

కరిగించేటప్పుడు ఏ సంవత్సరం నాణేలు ఎన్ని అన్నది రాసిపెట్టలేదు. అందుకే తయారైన సంఖ్యను చూసి ఎన్ని మిగిలాయో చెప్పలేం. ఒక డై కొట్టిన నాణేలన్నీ ఆ మూసల్లోకే పోయి ఉండొచ్చు.

నల్లబడింది, తోమవచ్చా?

వద్దు. చింతపండు, కుంకుడు రసం, విభూది, పళ్ళపొడి, ఇంట్లో వెండి కంచాలకి వాడేది ఏదీ దీనికి వద్దు. పండక్కి వెండి సామాను తోమే రోజున ఈ నాణేన్ని బీరువాలో దాచేయండి. విభూదితో ఒక్కసారి రుద్దితే సన్నటి గీతలు వేలకొద్దీ పడతాయి, డై మీది సహజమైన మెరుపు పోతుంది, మనం వెతికే సన్నటి గుర్తులూ పోతాయి. తోమిన నాణేన్ని గ్రేడింగు సంస్థలు ‘శుభ్రం చేసినది’ అని రాసేస్తాయి, ఆ తర్వాత విలువ తిరిగి రాదు. నలుపు చెడ్డది కాదు, చాలామంది దానికే ఎక్కువిస్తారు.

మెత్తటి పీవీసీ కవర్లు కూడా వాడకండి, పచ్చటి జిగురు పట్టుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బీలు వాడండి. విశాఖ, కాకినాడలాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్ళు పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టండి.

నకిలీ కాదని ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

కొంతవరకు. బరువు 26.73 గ్రాములకి దగ్గరగా ఉండాలి, అరిగితే కొంచెం తగ్గుతుంది. అయస్కాంతానికి అంటుకోకూడదు. సాపేక్ష సాంద్రత 10.34 దగ్గర రావాలి. నగల షాపుకి తీసుకెళ్తే ఎక్స్‌రే యంత్రంలో పెట్టమనండి, గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి. ఈ మాట షాపులోకి అడుగుపెట్టగానే చెప్పండి, ఎందుకంటే వాళ్ళకది చెయ్యి అలవాటు.

ఆ తర్వాత డై గుర్తులు చూడండి. 1893-ఎస్ దీనికి మంచి ఉదాహరణ. కొట్టినవి లక్షే, అసలువన్నీ ఒకే బొమ్మ డై నుంచి వచ్చాయి. లిబర్టీలోని ‘టి’ అక్షరం పైభాగంలో ఒక చిన్న ఏటవాలు గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. 1893 ఫిలడెల్ఫియా నాణేనికి ఎస్ అతికించి అమ్మేవాళ్ళు ఆ గీతను తీసుకురాలేరు. ఎస్ ఎంత బాగా కుదిరినా ముందు ‘టి’ చూడండి, తర్వాత అంకెల స్థానం చూడండి.

గ్రేడింగుకి పంపితే రకం వాళ్ళే రాస్తారా?

అడిగితేనే. పీసీజీఎస్, ఎన్‌జీసీ, ఏనాక్స్ మూడూ వామ్ గుర్తింపు ఇస్తాయి, ఫారంలో విడిగా కోరాలి, రుసుము వేరే. మీరు నంబరు ముందే తేల్చి రాస్తే పని తేలిక. కార్సన్ సిటీ నాణెం ప్రభుత్వ ముద్రతో గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉంటే, 1972 నుంచి 1980 వరకు జీఎస్ఏ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ అమ్మిన వాటిలోది అన్నమాట. పెట్టె పగలగొట్టకండి, అలాగే పంపవచ్చు.

అమెరికాలో కొన్నవి ఇండియాకి తెచ్చుకుంటే?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ సేకరించి, తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంటామనేవాళ్ళు ఈ ప్రశ్న అడుగుతారు. తెచ్చేటప్పుడు కస్టమ్స్ దగ్గర ప్రకటించాలి, రసీదులు దగ్గర ఉంచుకోండి. అంతకంటే ముఖ్యం, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మన దేశంలో నూరేళ్ళు దాటిన నాణేలు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని వ్యక్తులు బయటికి పంపడానికి వీల్లేదు. మోర్గాన్లన్నీ నూరేళ్ళు దాటేశాయి. ఇక్కడికి తెచ్చాక గ్రేడింగుకి తిరిగి అమెరికా పంపుదామనుకుంటే చిక్కు వస్తుంది. గ్రేడింగు, వామ్ గుర్తింపు, అమ్మకం ఏది చేయాలన్నా విమానం ఎక్కకముందే పూర్తి చేసుకోండి.

నా నాణెం ఫోటో పంపితే రకం చెప్పగలరా?

బొమ్మ, బొరుసు పూర్తిగా కనిపించేవి రెండు, సంవత్సరం అంకెలు, టంకశాల గుర్తు, మీకు అనుమానంగా ఉన్న చోటు దగ్గరగా తీసినవి మూడు, మొత్తం ఐదు ఫోటోలు కావాలి. ఫ్లాష్ వద్దు. దగ్గర ఫోటోల్లో లైటు ఏ వైపు నుంచి పడిందో ఒక మాట రాయండి. అనుమానమున్న చోటు ఫోటో ఒక్కటే పంపితే, ఎంత స్పష్టంగా ఉన్నా, నేను నంబరు చెప్పను. రెండో గుర్తు చూడాలి కదా.